హెచ్చరికలోనే చిరునామా



లైనక్స్ కంప్యూటర్లలో కొన్ని ఫైళ్లు తెరవగానే పైనే ఒక హెచ్చరిక కనిపిస్తుంది, ఈ ఫైలును చేత్తో మార్చకండి అని. దాన్ని చూడనివాళ్లు ఉండరు. చూసి ఆగేవాళ్లు మాత్రం తక్కువ. మనకు కావలసిన లైను కింద ఎక్కడో ఉంటుంది. రెండక్షరాలు మారిస్తే పని అయిపోతుంది. అవతల మేనేజరు ఫోన్లో "అయిందా, అయిందా" అంటూ ఉంటాడు. మారుస్తాం, సేవ్ చేస్తాం, పని జరిగిపోతుంది. జరిగింది కాబట్టి ఆ హెచ్చరిక ఏదో మాట వరసకు రాసి ఉంటారులే అనుకుంటాం. రెండు రోజులు గడిచేసరికి మనం మార్చినది మాయమై ఉంటుంది. ఒక్కోసారి అంతకంటే ఘోరం, సర్వరు మన మాటే వినడం మానేస్తుంది.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ హెచ్చరిక గురించే. అందులో చాలాసార్లు రెండు ముక్కలు ఉంటాయి. ఇక్కడ రాయొద్దని మొదటి ముక్క చెబుతుంది. మరి ఎక్కడ రాయాలో రెండో ముక్క చెబుతుంది. మొదటిదానికే చిరాకుపడి రెండోది చదవకపోవడం వల్ల వచ్చే చిక్కులు ఇన్నీ అన్నీ కావు.

కంప్యూటరు లోపలి సంగతులతో అంతగా పరిచయం లేనివారి కోసం కాస్త మొదటినుంచి చెబుతాను. ఏ ప్రోగ్రాం ఎలా నడవాలో దానికి ముందే చెప్పి ఉంచాలి. ఇంటర్నెట్‌లో పేర్లు ఎవరిని అడిగి తెలుసుకోవాలి, ఎవరికి ఎంత అధికారం ఉంది, ఏ పని రాత్రి ఎన్ని గంటలకు మొదలవ్వాలి, ఇలాంటివన్నీ. యునిక్స్ సంప్రదాయంలో ఇవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. ఎక్కువ భాగం ఈటీసీ అనే డైరెక్టరీలో ఉంటాయి. ఏ ఎడిటర్‌తోనైనా తెరిచి చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. ఆ పద్ధతికి ఉన్న గొప్ప సుగుణం అదే, లైనక్స్ మీద మనకు ఇష్టం కలగడానికి ఒక కారణమూ అదే.

కాలక్రమంలో ఆ డైరెక్టరీలోకి రెండో రకం ఫైళ్లు వచ్చి చేరాయి. ఇవి మనిషి రాసినవి కావు, ఏదో ఒక టూల్ రాసినవి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అదే టెక్స్ట్, అవే లైన్లు. ఎడిటర్‌కు తేడా తెలియదు, రూట్ అధికారం, అంటే కంప్యూటరు మీద పూర్తి అధికారం, ఉంటే ఎవరూ అడ్డుకోరు. తేడా అంతా వెనక ఉంది. ఈ రెండో రకం ఫైలు అసలు రికార్డు కాదు, ఎక్కడో ఉన్న అసలు రికార్డు నుంచి తీసిన నకలు. మీసేవలో తీసుకున్న అడంగల్ కాపీలో పేరు తప్పుపడిందని పెన్నుతో దిద్దుకున్నామనుకోండి. మన చేతిలోని కాగితం మీద పేరు సరిపోతుంది. మళ్లీ కాపీ తీయిస్తే పాత తప్పే వస్తుంది. దిద్దవలసింది తహసీల్దారు ఆఫీసు రికార్డులో. టూల్ రాసే ఫైళ్ల సంగతీ అంతే.

అందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడదాం. ఈటీసీలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. వెబ్‌సైటు పేరు టైపు చేస్తే దాని వెనక ఉన్న నెంబరు ఏ నేమ్ సర్వరును అడిగి తెలుసుకోవాలో అందులో ఉంటుంది. నెట్ నెమ్మదిగా ఉందనో, ఒక సైటు తెరుచుకోవడం లేదనో, ఎవరో చెప్పారని అందులో గూగుల్ వారి 8.8.8.8 రాస్తాం. అప్పటికప్పుడు పనిచేస్తుంది. లాప్‌టాప్ మూసి, మర్నాడు తెరిచి వైఫైకి కనెక్ట్ అవుతాం. రాసిన లైను ఉండదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు సీనియర్ల దగ్గరికి వచ్చే తీరు చూడాలి. "సార్, నిన్న సాయంత్రం పెట్టాను సార్, పొద్దున్నకి లేదు. ఎవరో హ్యాక్ చేశారేమో సార్!" ఎవరూ హ్యాక్ చేయలేదు. వైఫైకి కనెక్ట్ అయిన ప్రతిసారీ నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాం రూటర్ ఇచ్చిన వివరాలతో ఆ ఫైలును మళ్లీ రాస్తుంది. తానే తయారుచేశానని మొదటి లైనులో తన పేరు కూడా పెట్టుకుంటుంది.

ఈనాటి ఉబుంటూలో అయితే అది అసలు ఫైలే కాదు, మరోచోట ఉన్న ఫైలుకు లింకు. అందులో కనిపించే సర్వరు నెంబరు 127.0.0.53. అంటే మన కంప్యూటరే. సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ అనే సర్వీసు అక్కడ కూర్చుని ప్రశ్నలు తీసుకుని, బయటి సర్వర్లను తాను అడిగి చెబుతుంది. ఈ ఫైలు పైన కూడా హెచ్చరిక ఉంది. ఆ సర్వీసు పేరు, దాని మాన్యువల్ పేజీ పేరు అందులోనే ఉన్నాయి. ఆ పేజీ తెరిస్తే రిజాల్వ్‌డ్ డాట్ కాన్ఫ్ అనే వేరే ఫైలు దగ్గరికి దారి దొరుకుతుంది. మన కోరిక రాయవలసింది అక్కడ. లేదా నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల్లో ఆ వైఫై కనెక్షన్‌కే నేమ్ సర్వరు చెప్పి ఉంచాలి.

మరి వీడియోల్లో, పాత పుస్తకాల్లో ఆ ఫైలునే మార్చమని ఎందుకు చెబుతారు? మొదట చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు. వాళ్లు చెప్పిన నాటికి అదే సరైన పద్ధతి. ఉబుంటూలో 2012 నుంచే ఆ ఫైలు ఒక టూల్ చేతికి వెళ్లిపోయింది. సలహా మాత్రం అక్కడే నిలిచిపోయింది. ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ నేటికీ తిరుగుతోంది. కంప్యూటరు సలహా విన్నప్పుడు అది ఏ వెర్షన్ నాటిదో కూడా అడగాలనడం ఇందుకే.

విసిగిపోయిన కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. ఎవరూ మార్చలేకుండా ఫైలుకు తాళం వేస్తారు. చాటర్ అనే కమాండ్‌తో ఫైలును మార్పులేనిదిగా గుర్తు పెట్టవచ్చు. అప్పుడు రూట్ కూడా ఆ గుర్తు తీసేదాకా రాయలేడు. ఇంట్లో బాగానే ఉంటుంది. ఆ లాప్‌టాప్ పట్టుకుని ఆఫీసుకు వెళ్తే, ఆఫీసులోని లోపలి సర్వర్ల పేర్లు తెలిసింది ఆఫీసు నేమ్ సర్వరుకు మాత్రమే. అది చెప్పే సమాధానం తీసుకునే దారి మనమే మూసేశాం. వీపీఎన్ కనెక్ట్ చేసినా అదే గొడవ. ఆరు నెలల తర్వాత తాళం వేసిన సంగతి మనకే గుర్తుండదు. కారణం తెలియక మనిషి జుట్టు పీక్కోవలసిందే.

ఇదంతా మన మార్పు మాయమయ్యే రకం చిక్కు. ఇందులో నష్టం కొంత సమయం, కొంత పరువు. ఇంతకంటే ప్రమాదమైనది ఒకే ఫైలు మీద రెండు చేతులు పడే రకం.

లైనక్స్‌లో యూజర్ల పాస్‌వర్డులు, అంటే వాటి గూఢరూపాలు, షాడో అనే ఫైలులో ఉంటాయి. ఒక్కో యూజరుకు ఒక్కో లైను. పదిమంది పనిచేసే సర్వరు ఊహించుకోండి. పది గంటలకు అడ్మిన్ ఆ ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిచాడు. ఫైలు మొత్తం ఎడిటర్‌లోకి వచ్చింది. ఐదు నిమిషాల తర్వాత అకౌంట్స్ సెక్షన్‌లో ఒకావిడ తన పాస్‌వర్డు మార్చుకుంది. పాస్‌వర్డ్ కమాండ్ షాడో ఫైలులో ఆమె లైను మార్చింది. పది నిమిషాలకు అడ్మిన్ తన పని పూర్తిచేసి సేవ్ కొట్టాడు. ఎడిటర్ దగ్గర ఉన్నది పది గంటల నాటి ఫైలు. అదే తిరిగి రాసింది. ఆవిడ కొత్త పాస్‌వర్డు గాలికి పోయింది. పాతది మళ్లీ పనిచేస్తోంది. ఆవిడ పాస్‌వర్డు మార్చుకున్నది పాతది ఎవరికో తెలిసిపోయిందని అయితే? ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఎవరికీ అనుమానం రాదు.

ఇలాంటి ఫైళ్లను తప్పనిసరిగా ఎడిటర్‌లోనే తెరవాలంటే అందుకోసమే వీఐపీడబ్ల్యూ అనే కమాండ్ ఉంది. అది ముందు తాళం వేస్తుంది, తర్వాతే ఫైలు తెరుస్తుంది. ఆ తాళం ఉన్నంతసేపు పాస్‌వర్డ్ కమాండ్ ఆగుతుంది. రోజువారీ పనులకు అదీ అవసరం లేదు. యూజరును చేర్చడానికి, మార్చడానికి, పాస్‌వర్డు గడువు పెట్టడానికి వేర్వేరు కమాండ్లు ఉన్నాయి. షాడోలో ఒక్కో లైనుకు కోలన్లతో విడదీసిన తొమ్మిది గడులు. ఒక కోలన్ జారితే మిగతా గడులన్నీ ఒక స్థానం పక్కకు జరుగుతాయి. కమాండ్ ఆ పొరపాటు చేయదు.

ప్రింటర్ల దగ్గర ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. లైనక్స్‌లో ప్రింటింగ్ చూసే కప్స్ అనే సర్వీసుకు ప్రింటర్స్ డాట్ కాన్ఫ్ అని ఒక ఫైలు ఉంది. సర్వీసు నడుస్తుండగా దీన్ని మార్చవద్దని దాని పైనే రాసి ఉంటుంది. ఆ సర్వీసు ప్రింటర్ల వివరాలు తన మెమరీలో పెట్టుకుని పనిచేస్తుంది. ఏదైనా మారినప్పుడు మెమరీలో ఉన్నదాన్ని ఫైలులోకి దించుతుంది. మధ్యలో మనం ఫైలులో రాసింది దానికి తెలియదు, దాని మీదుగానే రాసేస్తుంది. ఇక్కడ హెచ్చరికను జాగ్రత్తగా చదివితే షరతు కూడా కనిపిస్తుంది, సర్వీసు నడుస్తుండగా వద్దు అని. సర్వీసు ఆపి మార్చడం వేరు సంగతి.

ఇక మూడోది, తలుపు లోపల గడియ పడి మనమే బయట ఉండిపోయే రకం. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం.

మామూలు యూజరు రూట్ అధికారంతో పని చేయాలంటే సుడో అనే కమాండ్ వాడతాడు. దాన్ని 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షల్, క్లిఫ్ స్పెన్సర్ రాశారు. ఎవరికి ఏ అధికారం ఉందో సుడోయర్స్ అనే ఫైలు చెబుతుంది. ఉబుంటూలో రూట్‌కు పాస్‌వర్డు ఉండదు. రూట్ పనులు మామూలుగా సుడో గుండానే చేస్తాం. ఇప్పుడు సుడోయర్స్‌ను మామూలు ఎడిటర్‌లో తెరిచి ఒక కామా తప్పు పెట్టి సేవ్ చేశామనుకోండి. సుడో తన ఫైలు చదవబోయి, వ్యాకరణం కుదరక, పని చేయనని మొండికేస్తుంది. తప్పు దిద్దాలంటే రూట్ అధికారం కావాలి. రూట్ అధికారం కావాలంటే సుడో కావాలి. సుడో కావాలంటే తప్పు దిద్దాలి. 2020 తర్వాతి వెర్షన్లు కొంత నయం, తప్పున్న లైనును వదిలేసి మిగతావి చదువుతాయి. కానీ వదిలేసిన ఆ లైనే మనకు అధికారం ఇచ్చేదైతే మళ్లీ మొదటికే వస్తాం.

లైను సరిగ్గా రాసి, పర్మిషన్లు పాడుచేసేవాళ్లూ ఉన్నారు. ఫైలు సేవ్ కావడం లేదని అందరికీ రాసే పర్మిషన్ ఇచ్చేస్తారు. ఎవరైనా రాయగల అధికార పత్రాన్ని సుడో నమ్మదు, పక్కన పడేస్తుంది. ఇంట్లో కంప్యూటరైతే రికవరీ మోడ్‌లో రీబూట్ చేసి బాగుచేసుకోవచ్చు. ఎక్కడో డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకున్న సర్వరైతే దాని డిస్కును ఇంకో సర్వరుకు తగిలించి, అక్కడ దిద్ది, తిరిగి తేవలసి వస్తుంది. ఒక కామా కోసం అంత తతంగం.

విసుడో అనే కమాండ్ ఉన్నది దీనికోసమే. అది సుడోయర్స్‌ను నేరుగా తెరవదు. ముందు తాళం వేసి, ఇంకొకరు అదే సమయంలో మార్చకుండా చూస్తుంది. తర్వాత ఒక తాత్కాలిక కాపీని ఎడిటర్‌లో తెరుస్తుంది. మనం సేవ్ చేసి బయటికి రాగానే ఆ కాపీని చదివి చూస్తుంది. తప్పు లేకపోతేనే అసలు ఫైలు స్థానంలో పెడుతుంది. తప్పుంటే ఏ లైనులో ఉందో చెప్పి, ఇప్పుడేం చేద్దామని అడుగుతుంది. చిన్న ఈ నొక్కితే మళ్లీ దిద్దుకోవచ్చు. చిన్న ఎక్స్ నొక్కితే మార్పులు వదిలేసి పాత ఫైలుతోనే బయటపడవచ్చు. తప్పుతో సహా సేవ్ చేయాలంటే పెద్దక్షరం క్యూ నొక్కాలి. షిఫ్ట్ పట్టుకుంటే తప్ప పడని అక్షరం అది. పొరపాటున వేలు తగిలి ప్రమాదం జరగకుండా అలా పెట్టారు. టూల్ రాసినవారు మన తొందర ఎలాంటిదో ఎంత ఎరిగినవారో చూడండి.

సుడోయర్స్ ఫైలు పైన ఉన్న హెచ్చరికలో నేను మొదట చెప్పిన రెండు ముక్కలూ ఉన్నాయి. విసుడోతోనే మార్చాలని ఒకటి. మీ సొంత లైన్లు ఇందులో కాకుండా సుడోయర్స్ డాట్ డీ అనే డైరెక్టరీలో వేరే ఫైలుగా పెట్టుకోండని రెండోది. అక్కడ ఒక మెలిక కూడా తెలుసుకోవాలి. ఆ డైరెక్టరీలో చుక్క ఉన్న పేరుతో ఫైలు పెడితే సుడో దాన్ని చదవకుండా దాటేస్తుంది. ఎడిటర్లు, ప్యాకేజీ టూల్స్ వదిలివెళ్లే కాపీల పేర్లలో చుక్కలుంటాయి కాబట్టి అవి పొరపాటున అమల్లోకి రాకూడదని అలా చేశారు. పేరు చివర డాట్ కాన్ఫ్ పెట్టడం అలవాటైనవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

క్రాన్ సంగతీ ఇలాంటిదే. ఫలానా వేళకు ఫలానా పని చేయమని చెప్పే పట్టికను క్రాన్‌ట్యాబ్ అంటాం. దాన్ని మార్చడానికి క్రాన్‌ట్యాబ్ కమాండే ఉంది. అది కాపీ తెరిచి, రాసింది సరిగా ఉందో లేదో చూసి, ఉంటేనే స్థాపిస్తుంది. ఆ పట్టికలు ఉండే స్పూల్ డైరెక్టరీలోకి నేరుగా వెళ్లి ఫైలు మార్చేవాళ్లు చివరి లైను రాసి ఎంటర్ కొట్టడం మరిచిపోతే, డెబియన్ క్రాన్ ఆ పట్టిక చెడిపోయిందని లెక్క వేస్తుంది. ఫిర్యాదును లాగ్ ఫైలులో ఒక లైనుగా రాస్తుంది. ఆ లాగ్ ఎవరూ చూడరు. రాత్రి రెండింటికి జరగవలసిన బ్యాకప్ జరగలేదని, బ్యాకప్ అవసరమైన రోజునే తెలుస్తుంది. అదే కమాండ్‌తో మార్చి ఉంటే ఆ ఎంటర్ లేదని అప్పుడే చెప్పి ఆపేది.

ఇప్పుడు అన్నిటికంటే చాటుగా జరిగే నష్టం చెబుతాను. డెబియన్‌లో, దాని నుంచి వచ్చిన ఉబుంటూలో, మన సీడాక్ వారి బాస్ లైనక్స్‌లో ప్రోగ్రాములు ప్యాకేజీలుగా వస్తాయి. ప్యాకేజీతోపాటు వచ్చిన కాన్ఫిగ్ ఫైలు వచ్చినట్టే ఉందా, మనం మార్చామా అన్నది డీప్యాకేజ్ టూల్ గుర్తుపెట్టుకుంటుంది. కొత్త వెర్షన్‌లో ఆ ఫైలు మారి, ఇక్కడ మనమూ మార్చి ఉంటే, మీది ఉంచనా, కొత్తది పెట్టనా, తేడా చూపించనా అని అడుగుతుంది. ఇది న్యాయమైన ప్రశ్న. మనిషి ఎదురుగా ఉంటే జవాబు చెబుతాడు.

చాలా సర్వర్లలో సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరూ చూడకుండా వాటంతటవే పడేలా పెట్టుకుంటాం. ఆ అప్‌డేట్లు వేసే టూల్ ఇలాంటి ప్రశ్న రాబోతోందని పసిగడితే ఆ ప్యాకేజీని ముట్టుకోదు. చేత్తో అప్‌డేట్ చేసుకోండని లాగ్ ఫైలులో రాసి, మిగతావి చూసుకుంటుంది. ఎప్పుడో ఒక సెట్టింగు మార్చడం కోసం ప్యాకేజీ ఫైలులో ఒక్క లైను దిద్దాం. దాని పర్యవసానంగా ఆ ప్రోగ్రాంలో బయటపడిన రంధ్రం పూడకుండా నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పడుతున్నాయనే ధీమాలో మనం ఉంటాం.

దీనికి మందు చాలా ప్రోగ్రాముల్లో సిద్ధంగా ఉంది. పేరు చివర డాట్ డీ అని ఉండే డైరెక్టరీలు దానికోసం పెట్టినవే. అసలు ఫైలును వచ్చినదాన్ని వచ్చినట్టు ఉంచి, మనకు కావలసిన రెండు లైన్లు చిన్న ఫైలులో రాసి ఆ డైరెక్టరీలో పెట్టాలి. ప్రోగ్రాం రెండూ కలిపి చదువుకుంటుంది. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ విషయంలో అయితే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అనే కమాండ్ ఆ చిన్న ఫైలును తానే సరైన చోట తయారుచేసి పెడుతుంది. ప్యాకేజీ తెచ్చిన సర్వీసు ఫైలును మార్చితే, అప్‌డేట్ వచ్చినప్పుడు డీప్యాకేజ్ అడగను కూడా అడగదు, కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. ఈ సర్వరులో మనవాళ్లు ఏమేం మార్చారని ఎవరైనా అడిగితే ఆ చిన్న ఫైళ్లు చూపిస్తే చాలు. వెయ్యి లైన్ల ఫైలులో దిద్దిన మూడు లైన్లు వెతకనక్కర్లేదు.

ఒక్క సర్వరు దాటి వందల సర్వర్లున్న చోటికి వెళ్తే చేత్తో దిద్దడం మరీ పనికిరాదు. అలాంటి చోట్ల అన్ని సర్వర్లూ ఎలా ఉండాలో ఒకచోట రాసిపెట్టి, ఆ ప్రకారం ఉన్నాయో లేదో ఒక టూల్‌తో సరిచూస్తారు. ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ 1993లో సీఎఫ్ఇంజిన్‌తో ఈ దారి వేశాడు. 2005లో పప్పెట్, తర్వాత షెఫ్, యాన్సిబుల్ వచ్చాయి. పప్పెట్ మామూలుగా అరగంటకోసారి సర్వరును చూసి, రాసిపెట్టినదానికి తేడాగా ఉన్నదాన్ని తిరిగి దిద్దుతుంది.

అర్ధరాత్రి సైటు పడిపోయిందని ఫోను వస్తుంది. డ్యూటీలో ఉన్నాయన నిద్రకళ్లతో లాగిన్ అయి వెబ్ సర్వరు ఫైలులో ఒక నెంబరు పెంచుతాడు. సైటు లేస్తుంది, ఆయన పడుకుంటాడు. అరగంటలో పప్పెట్ వచ్చి పాత నెంబరు పెడుతుంది. సైటు మళ్లీ పడిపోతుంది. ఇది తెలిసినవాళ్లు పప్పెట్‌ను ఆ సర్వరులో తాత్కాలికంగా ఆపుతారు. ఆపడం తప్పు కాదు, అత్యవసరంలో అదే పద్ధతి. ఆపేటప్పుడు కారణం రాయడానికి ఆ కమాండ్‌లోనే చోటుంది. అక్కడ ఏమీ రాయకుండా ఆపేసి, పొద్దున అసలు చోట మార్పు చేయకుండా వదిలేస్తేనే చిక్కు. ఆ సర్వరు మిగతా వాటికి దూరంగా జరుగుతూ పోతుంది. కొన్నాళ్లకు దాన్ని ముట్టుకోవాలంటే అందరికీ భయం పట్టుకుంటుంది.

విండోస్ ఆఫీసుల్లోనూ ఇదే కథ. ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పెట్టే గ్రూప్ పాలసీ మామూలుగా 90 నిమిషాలకోసారి, దానికి అరగంట లోపు సమయం అదనంగా కలిపి, పాలసీ మారిందేమో చూసుకుంటుంది. భద్రత సెట్టింగులైతే పాలసీ మారకపోయినా 16 గంటలకోసారి మళ్లీ అమలు చేస్తుంది. విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలోకి వెళ్లి చేత్తో మార్చిన సెట్టింగు తిరిగి వెనక్కి వెళ్లిందని ఐటీవాళ్లతో పోట్లాడి లాభం లేదు. మార్చవలసింది పాలసీలో.

ఇంతసేపూ తప్పంతా ఎడిట్ చేసేవారిదే అన్నట్టు మాట్లాడాను. అది సగం నిజమే. టూల్స్ రాసేవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. సాంబా అనే ఫైల్ సర్వరుకు ఒకప్పుడు స్వాట్ అని వెబ్ పేజీలో సెట్టింగులు మార్చే టూల్ ఉండేది. దాంతో ఒక్కసారి సేవ్ చేస్తే, అడ్మిన్ ఏళ్ల తరబడి కాన్ఫిగ్ ఫైలులో రాసుకున్న కామెంట్లన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. ఏ సెట్టింగు ఎందుకు పెట్టాడో రాసుకున్న మాటలన్నీ పోయేవి. 2013లో సాంబా 4.1 నాటికి దాన్ని తీసేశారు. అలాంటి టూల్ చేతిలో కాలినవాడు ఏ టూల్‌నూ నమ్మకపోతే అతణ్ని తప్పుపట్టలేం.

మర్యాద తెలిసిన టూల్స్ కూడా ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ తన హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు అని రెండు గుర్తులు పెట్టుకుంటుంది. ఆ మధ్యలోది తనది, రాస్తే చెరిగిపోతుందని అక్కడే చెబుతుంది. గుర్తుల బయట మనం ఏం రాసుకున్నా ముట్టుకోదు. పాత సుసె లైనక్స్‌లోని సుసెకాన్ఫిగ్ అయితే తాను రాసిన ఫైలును మనిషి మార్చాడేమో ముందు చూసుకునేది. మార్చి ఉంటే దాని మీద రాయకుండా, తన ఫైలును పక్కన వేరే పేరుతో పెట్టేది. ఇక క్లౌడ్ సర్వర్లలో సర్వరు లేచేటప్పుడు సెట్టింగులు పెట్టే క్లౌడ్ ఇనిట్ అనే టూల్ రాసే నెట్‌వర్క్ ఫైలు పైన చాలా వెర్షన్లలో ఉన్న హెచ్చరికను నేను మాదిరిగా చూపిస్తుంటాను. దీన్ని ఎక్కడి సమాచారంతో తయారుచేశానో, చెబుతుంది, ఇందులో మార్చినది రీబూట్ తర్వాత ఉండదనీ చెబుతుంది. నేనిక రాయకూడదనుకుంటే ఫలానా డైరెక్టరీలో ఫలానా పేరుతో ఫైలు పెట్టి, అందులో ఫలానా లైను రాయండని కూడా చెబుతుంది. తనను పనిలోంచి తప్పించే దారి తానే చూపిస్తోందన్నమాట. ఇంతకంటే ఏం కావాలి?

ఉబుంటూలో నెట్‌వర్క్ సెట్టింగులు చూసే నెట్‌ప్లాన్ అనే టూల్‌కు ట్రై అనే కమాండ్ ఉంది. కొత్త నెట్‌వర్క్ సెట్టింగును అమలు చేసి, 120 సెకన్లలోగా మనం ఎంటర్ కొట్టి సరే అంటేనే ఉంచుతుంది. తప్పు రాసి కనెక్షన్ తెగిపోతే మనం ఎంటర్ కొట్టలేం, సమయం దాటగానే అది పాత సెట్టింగు తిరిగి పెట్టేస్తుంది. ఎక్కడో ఉన్న సర్వరు చేజారిపోకుండా కాపాడే ఈ ఏర్పాటు, నేరుగా ఫైలు మార్చి రీస్టార్ట్ చేసేవాడికి దక్కదు.

మరి ఏదైనా ఫైలు మార్చవలసి వచ్చినప్పుడు ఏం చేయాలి? ముందు పై పది లైన్లు చదవండి. హెచ్చరిక ఉంటే అందులో టూల్ పేరు, మాన్యువల్ పేజీ పేరు, ఇంకో ఫైలు పేరు, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. ఉదాహరణకు కంప్యూటరు లేచేటప్పుడు మెనూ చూపించే గ్రబ్ తీసుకోండి. దాని కాన్ఫిగ్ ఫైలు పైన రెండు చిరునామాలున్నాయి. డీఫాల్ట్ అనే డైరెక్టరీలోని గ్రబ్ ఫైలు ఒకటి, గ్రబ్ డాట్ డీ డైరెక్టరీ ఇంకొకటి. మెనూ ఐదు సెకన్లు కాకుండా పది సెకన్లు ఉండాలంటే మొదటి చిరునామాలో ఒక అంకె మార్చి అప్‌డేట్ గ్రబ్ కమాండ్ ఇస్తే చాలు. ఆ తర్వాత ఎన్ని కెర్నల్ అప్‌డేట్లు వచ్చినా, ఫైలు ఎన్నిసార్లు మళ్లీ తయారైనా, ఆ పది సెకన్లు అలాగే ఉంటాయి.

హెచ్చరిక లేకపోతే, అది లింకో మామూలు ఫైలో చూడండి. ఏ ప్యాకేజీకి చెందిందో డీప్యాకేజ్‌ను అడగండి, అది చెబుతుంది. పక్కనే డాట్ డీ డైరెక్టరీ ఉందేమో చూడండి. ఆఫీసు సర్వరైతే దాని వెనక పప్పెటో యాన్సిబులో ఉందా అని పక్కవాళ్లను అడగండి. అడిగితే చిన్నతనం ఏమీ లేదు. సుడోయర్స్ లాంటిది మార్చేటప్పుడు ఇంకో విండోలో రూట్‌గా లాగిన్ అయి ఉండండి, కొత్త సెట్టింగు పనిచేస్తోందని తేలేదాకా ఆ విండో మూయకండి. ఇవేవీ ఐదు నిమిషాలకు మించిన పనులు కావు.

అప్పటికీ చేత్తో దిద్దక తప్పని సందర్భం వస్తుంది. టూల్‌లో ఆ సదుపాయం ఉండకపోవచ్చు, సర్వరు ఆగిపోయి క్షణం తీరిక లేకపోవచ్చు. అప్పుడు దిద్దండి. కాకపోతే అది ఆ గంటకు సరిపడే చికిత్స అని తెలిసి దిద్దండి. పాత ఫైలు కాపీ తీసిపెట్టుకోండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో, తేదీతో సహా, మీ తర్వాత ఆ సర్వరు చూసే మనిషికి కనిపించే చోట రాయండి. మార్పు అసలు చోటికి చేరేదాకా ఆ పనిని పూర్తయిన పనుల లెక్కలో వేయకండి. ఒక సెట్టింగు రేపటి రీబూట్‌కు, ఎల్లుండి అప్‌డేట్‌కు, వచ్చే ఏడాది మీ స్థానంలోకి వచ్చే కొత్త మనిషి చేతికి నిలబడితేనే అది సెట్ అయినట్టు.